వెనక సీటుకి మూడు షిఫ్టులు

అప్పలసూరికి తడి అంటే పడదని సెక్టర్ 2లో చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. తడితో ఆయనకి ఏ పేచీ లేదు. ఆ తడి తొందరగా ఆరిపోతేనే ఆయన ఊరుకోలేడు.

ముప్పై నాలుగేళ్ళు ఈ హిందీ ఊళ్ళోని స్టీల్ ప్లాంటులో ఆయన చేసిన పని అలాంటిది మరి. కొలిమి లోపల కొత్త ఇటుక పేర్చాక వెంటనే భగ్గున మంట పెట్టరు. ముందు సన్నటి సెగ పెడతారు. కొన్ని గంటలు అక్కడే ఆపుతారు. మరికాస్త పెంచుతారు, మళ్ళీ ఆపుతారు. ఇటుకల్లో దాక్కున్న తడి నెమ్మదిగా దాని దారిన అది బయటికి రావాలి. హడావిడి చేస్తే లోపలే ఆవిరై గోడని బద్దలు కొట్టుకుని మరీ వస్తుంది. ఇలా ఆరబెట్టడాన్ని డ్రై-అవుట్ అంటారు, మధ్యలో ఆపి ఉంచడాన్ని హోల్డ్ అంటారు. అప్పలసూరి రిటైరై ఆరేళ్ళయింది. పాత క్వార్టర్‌నే లీజుకి తీసుకుని ఉండిపోయాడు. ఆయనతోపాటు హోల్డ్ కూడా క్వార్టర్‌లోనే ఉండిపోయింది. ఇంట్లో ఎవరైనా తడి చొక్కా మీద ఇస్త్రీపెట్టె పెట్టబోతే చాలు, పడుకున్నవాడు లేచొచ్చి చెయ్యి అడ్డం పెడతాడు.

"తొందరపెడితే పగులుతాది."

"చొక్కా పగలడమేటి?" అని ఆయన భార్య సింహాచలమ్మ ముప్పై ఏళ్ళుగా అడుగుతూనే ఉంది. జవాబు ఇంకా హోల్డ్‌లో ఉంది.

ఒకసారి ఆవిడ ఫోను బకెట్టు నీళ్ళలో పడింది. అప్పలసూరి దాన్ని బియ్యం డబ్బాలో పాతిపెట్టి, తొమ్మిది రోజుల పట్టిక రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. నాలుగో రోజున ఫోను డబ్బాలోంచే మోగింది. బాగుపడిందని ఆవిడ సంబరపడి తియ్యబోతే కుదరదన్నాడు, ఇంకా అయిదు రోజుల హోల్డ్ ఉందన్నాడు. ఆ అయిదు రోజులూ సింహాచలమ్మ విజయనగరంలో ఉన్న చెల్లెలు సూర్యావతితో బియ్యం డబ్బాలో తల పెట్టి మాట్లాడింది. ఇప్పటికీ ఆ చెల్లెలు, "అక్కా, నీ గొంతు డబ్బాలో ఉన్నప్పుడే బాగుండేది" అంటుంది.

ఈ సంగతులన్నీ అల్లుడు ఉదయ్‌కుమార్‌కి పెళ్ళయ్యాక తెలిసినవి. ఒక్కటి మాత్రం పెళ్ళిచూపుల నాడే అనుభవంలోకి వచ్చింది. దుర్గ్ నుంచి బైకు మీద వస్తూ వానలో నిలువునా తడిసిపోయాడు. గుమ్మంలో అడుగుపెట్టగానే అప్పలసూరి ఎదురొచ్చి, తువ్వాలు అందించబోతున్న సింహాచలమ్మని ఆపేశాడు.

"కుర్చీలో కూకో బాబూ. కదలకు. గంటసేపు ఫ్యాను ఒకటిలో. ఆ తరవాత రెండులో గంట. మూడులో గంట. రేఖా, రెగ్యులేటరు కాడ నువ్వు కూకో."

పెద్దలంతా లోపల భోజనాలకి వెళ్ళిపోయారు. ముందు గదిలో తడి పెళ్ళికొడుకూ, రెగ్యులేటరు పక్కన పెళ్ళికూతురు భాగ్యరేఖా మిగిలారు. మామూలుగా పెళ్ళిచూపుల్లో పది నిమిషాలు మాట్లాడనిస్తే గొప్ప. వీళ్ళకి మూడు గంటలు దొరికింది. ఫ్యాను మూడో నంబరుకి వచ్చేసరికి పెళ్ళి ఖాయమైపోయింది. ఉదయ్ పాంటు మాత్రం ఇంకా ఆరలేదు.

అలాంటి మావగారి చేతికి తన కారు వెనక సీటు చిక్కుతుందని ఉదయ్ కలలో కూడా అనుకోలేదు.

ఆ కారు మీద అతనికి చాలా ఆశలున్నాయి. భాగ్యరేఖకి నెలలు నిండుతున్నాయని తెలిసే రాయపూర్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. "బేబీ ఇంటికి మన కార్లోనే రావాలి. ఆటోలో కాదు, ఇంకొకళ్ళ కార్లో కాదు" అని భార్యకి మాటిచ్చాడు. సీటుకి కొత్త కవరు వేయించాడు. అందులో కూర్చుని ఎవరూ సమోసా తినకూడదని పక్క క్వార్టర్ గోవిందరావుతో ఒకసారి మాట పట్టింపు కూడా వచ్చింది.

జులై నెల, మంగళవారం పొద్దున. పురిటికని భాగ్యరేఖ పుట్టింట్లోనే ఉంది, ఉదయ్ కూడా సెలవు పెట్టి అక్కడే ఉన్నాడు. నెలలు నిండడానికి ఇంకా మూడు వారాలుంది. నొప్పిగా ఉందంటే ఊరికే చూపించుకొద్దామని బయలుదేరారు. ఉదయ్ స్టీరింగ్ దగ్గర, పక్కన అప్పలసూరి, వెనక తల్లీకూతుళ్ళు. బయట కుండపోత.

"ఉదయ్, సీటు తడిసిపోయింది" అంది భాగ్యరేఖ.

"విండో దించావా? కొత్త కవరు రేఖా, చెప్పాను కదా."

"విండో కాదు."

"మరి బాటిలా?"

"ఉమ్మనీరు పోనాది బాబూ" అంది సింహాచలమ్మ. "కవరు సంగతి తరవాత సూద్దాం."

ఉదయ్ చేతులు స్టీరింగ్ మీదే బిగుసుకుపోయాయి. అప్పుడు అప్పలసూరి, ఆ కుటుంబంలో ఎవరూ ఎన్నడూ ఆయన నోట వినని మాట అన్నాడు.

"తొందరగా పోనీ."

రెండు గంటల్లో ఆడపిల్ల పుట్టింది. తల్లి బాగుంది. పిల్ల కూడా బాగుందని, కాకపోతే బరువు కాస్త తక్కువని అన్నారు. మర్నాటికి ఒంట్లో పసుపు ఛాయ కనిపించింది. చాలామంది పిల్లలకి వచ్చేదేనని, కొన్నాళ్ళు వెచ్చటి పెట్టెలో నీలం లైటు కింద ఉంచి ఆదివారం ఇంటికి పంపిస్తామని డాక్టరమ్మ చెప్పింది. బయటివాళ్ళని లోపలికి రానిచ్చేది సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకానే.

మిగతా ఇరవై మూడు గంటలు ఏం చెయ్యాలో ఉదయ్‌కి ఎవరూ చెప్పలేదు. బుధవారం ఒక్కరోజే వార్డుకి పంతొమ్మిదిసార్లు ఫోను చేశాడు. చివరికి నర్సు, "భయ్యా, మీరు ఫోను పెట్టేసి నాలుగు నిమిషాలే అయింది. ఇంతలో పిల్ల ఏం చేస్తుంది" అని అడిగింది. మధ్యాహ్నం రెండింటికే వెళ్ళి గేటు దగ్గర గార్డుతో తగువు పెట్టుకున్నాడు. ఫోనులో తీసిన పిల్ల ఫొటో కనిపించిన ప్రతివాడికీ చూపించి, "పసుపు తగ్గిందా, పెరిగిందా? సచ్ బోలో, నిజం చెప్పాలి" అని నిలదీశాడు. గోవిందరావు కళ్ళజోడు సర్దుకుని చూసి, "నీ ఫోనుదే పసుపు" అన్నాడు. అన్నం ముందు పెడితే కలిపి వదిలేశాడు.

ఆ సాయంత్రం ఆస్పత్రి నుంచి తిరిగి రాగానే అప్పలసూరి చెయ్యి చాపాడు.

"కారు తాళం ఇలగియ్యి బాబూ."

"ఎందుకు మావయ్యా?"

"ఆదివారం పిల్ల వస్తాది. తడి సీటు మీద కూకోబెడతావేటి?"

ఇద్దరూ కలిసి బోల్టులు విప్పి వెనక సీటుని బయటికి లాగి, క్వార్టర్ ముందున్న రేకుల షెడ్డులోకి మోసుకొచ్చారు. ఉదయ్ వేణ్ణీళ్ళు తెస్తానంటే అప్పలసూరి అదిరిపడ్డాడు.

"వేడి తగిలితే మరక అందులోనే ఉడికిపోద్ది. సన్నీళ్ళే. ఆ గుడ్డతోటి రుద్దకు. అద్దు. రుద్దితే లోనకి ఎల్లిపోద్ది."

సబ్బునీళ్ళు అద్దారు, మంచినీళ్ళు అద్దారు, సింహాచలమ్మ పాత చీరలతో నీరు పిండారు. వాసన లాగడానికి వంటసోడా చల్లి, దులిపేశారు. ఆఖరికి సీటుని రెండు ఇటుకల మీద నిలబెట్టి, టేపుతో కొలిచి సరిగ్గా నాలుగడుగుల దూరంలో టేబుల్ ఫ్యాను పెట్టి ఒకటో నంబరులో తిప్పాడు. షిఫ్టుకి ఆరంగుళాల చొప్పున ఫ్యాను దగ్గరికి జరుగుతుందట. గోడకి రిజిస్టరు వేలాడదీశాడు, దానికి దారంతో పెన్సిలు కట్టాడు.

"ఎ షిఫ్టు పొద్దున ఆరు నుంచి నువ్వు. బి షిఫ్టు కూడా నువ్వే. ఆస్పత్రికి ఎల్లినప్పుడు గోవిందరావు రిలీవరు. రాత్రి పది నుంచి సి షిఫ్టు నాను. నాకెలాగూ నిద్ర నేదు."

"మావయ్యా, సీటుకి షిఫ్టులేంటి? ఫ్యాను పెట్టి వదిలేస్తే అదే ఆరుతుంది కదా."

"తొందరపెడితే పగులుతాది."

"స్పాంజి మావయ్యా. స్పాంజి ఎలా పగులుతుంది?"

అప్పలసూరి అతనికేసి జాలిగా చూసి, లోపలికి వెళ్ళి వేయించిన మినపప్పడం ఒకటి తెచ్చాడు. దాన్ని సీటు మీద పెట్టి పైన స్టీలు పళ్ళెం బోర్లించి, గాలి చొరకుండా గుడ్డతో కట్టేశాడు.

"ఇదేంటి?"

"మీటరు."

గంటకోసారి పళ్ళెం తియ్యాలి. అప్పడాన్ని చెవి దగ్గర పెట్టుకుని విరవాలి. కరుక్కుమంటే సీటు పొడి. మెత్తగా వంగితే తడి ఉన్నట్టు. ఆ సంగతి రిజిస్టరులో రాసి, కొత్త అప్పడం పెట్టాలి. గురువారం మధ్యాహ్నానికి సింహాచలమ్మ అప్పడాల డబ్బా సగానికి వచ్చింది. ఉదయ్ మొదటి రెండు గంటలు సిగ్గుపడుతూ విరిచాడు. మూడో గంటనుంచి కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి విరవడం మొదలుపెట్టాడు. "ముందటి దానికంటే కొంచెం గట్టిగా వినిపించింది" అని రాశాడు. అది తుడిచేసి "పదో వంతు గట్టిగా" అని మార్చాడు.

గురువారం సాయంత్రం అతను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి రిజిస్టరులో అప్పలసూరి రాత కనిపించింది: "4.40. మీటరు కనపడుట లేదు. రిలీవరు నోట కరకర శబ్దం."

"ఉప్పు తక్కువైంది" అన్నాడు గోవిందరావు.

ఆ రాత్రి డ్యూటీ దిగేటప్పుడు ఉదయ్ విరిచిన అప్పడం వీధి చివరి దాకా వినిపించేలా కరుక్కుమంది. సంతోషంగా పడుకున్నాడు. శుక్రవారం పొద్దున ఆరింటికి వచ్చి పళ్ళెం తీస్తే, అప్పడం దోసెలా వాలిపోయింది.

"రాత్రి బాగుంది కదా మావయ్యా."

"తడి లోన దాక్కుంటాది బాబూ. మెల్లిగా పైకొస్తాది. హోల్డ్."

ఉదయ్ ఊరుకునే రకం కాదు. కంప్యూటర్ పని చేసేవాడు, తప్పెక్కడుందో పట్టుకోకపోతే అన్నం సయించదు. షెడ్డు రేకు కారుతోందేమోనని నిచ్చెన వేసుకుని ఎక్కాడు. మూడు చిల్లులు దొరికితే తారు పూశాడు. సీటు కింద గుడ్డలు మార్చాడు. ఫ్యాను దిశ మార్చాలని గోవిందరావుతో గంటసేపు వాదించాడు. ఒళ్ళంతా తారు పూసుకుని రెండుసార్లు పెట్టించుకుని అన్నం తిన్నాడు. రాత్రి పదింటికి అప్పడం మళ్ళీ కరుక్కుమంది. ఈసారి కారణం కనిపెట్టి తీరాలని, శనివారం అయిదుంబావుకే లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

అప్పుడే తెలవారుతోంది. అప్పలసూరి చిన్న ఇత్తడి చెంబుతో షెడ్డులోకి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. చెంబులో వేళ్ళు ముంచి, ఇస్త్రీకి ముందు బట్టల మీద చల్లినట్టు సీటు మీద నీళ్ళు చిలకరించాడు. అరచేత్తో అద్దాడు. అప్పడాన్ని ఆ తడికి ఆనించి, వంగుతోందో లేదో చూసి, పళ్ళెం బోర్లించాడు. తరవాత పెన్సిలు తీసుకుని, మహా గంభీరంగా రిజిస్టరులో రాశాడు.

ఉదయ్ వంటింట్లోకి పరిగెత్తాడు. సింహాచలమ్మ టీ పెడుతోంది.

"అత్తయ్యా, మావయ్య సీటు మీద నీళ్ళు..."

"మెల్లిగా. నువ్వు సూసినట్టు తెలిస్తే ఆ మనిసి ముఖం ఎక్కడ ఎట్టుకుంటాడు?"

"మీకు తెలుసా?"

"ఆ సీటు గురువారం నాడే ఆరిపోనాది."

"మరి ఎందుకు ఇదంతా?"

ఆవిడ టీ గ్లాసు అతని చేతిలో పెట్టింది. "బుధవారం నాడు ఆస్పత్రికి ఎన్ని ఫోన్లు సేసినావు?"

"ఏదో, కొన్ని."

"పంతొమ్మిది. నిన్న ఎన్ని?"

ఉదయ్ లెక్కపెట్టుకోబోయాడు. లెక్కపెట్టేంత లేదు. మధ్యాహ్నం ఒక్కసారి చేశాడు, అదీ భాగ్యరేఖకి తారు సంగతి చెప్పడానికి.

"రేఖ పుట్టినప్పుడు నాకు ఒంట్లో బాగోనేదు" అంది సింహాచలమ్మ. "ఈయన మూడు రోజులు కొలిమికాడే ఉండిపోనాడు. డ్యూటీ పిచ్చోడని అందరూ నవ్వినారు, నాను తిట్టినాను. తరవాతెప్పుడో సెప్పినాడు. ఆస్పత్రి బల్ల మీద ఊరికే కూకుంటే గుండి ఆగిపోద్దని భయమేసినాదట. కొలిమికాడైతే గంటకోసారి ఏదో ఒకటి రాయాల కదా."

ఉదయ్ టీ గ్లాసు కింద పెట్టాడు. మావగారి మీద పట్టరానంత ప్రేమ వచ్చింది, నవ్వు కూడా వచ్చింది. రెండూ మింగేసి షెడ్డులోకి వెళ్ళాడు.

"ఎ షిఫ్టు వచ్చింది మావయ్యా."

"మళ్ళీ మెత్తబడినాది బాబూ" అన్నాడు అప్పలసూరి విచారంగా.

"అయ్యో. ఏటి చేద్దాం?"

"హోల్డ్."

"హోల్డ్" అన్నాడు ఉదయ్, మావగారికంటే గట్టిగా. ఆ రోజంతా ఒక్క గంట తప్పకుండా విరిచాడు, రాశాడు.

ఆదివారం పొద్దున సీటు మళ్ళీ కార్లో బిగించారు. అప్పలసూరి చలవచొక్కా వేసుకున్నాడు. సీటు మీద ఉతికిన దుప్పటి పరిచాడు. సరిగ్గా బయలుదేరేవేళకి భాగ్యరేఖ ఫోను చేసింది, అందరూ వినాలని ఉదయ్ స్పీకరు పెట్టాడు. పసుపు బాగా తగ్గింది, పిల్ల పాలు బాగానే తాగుతోంది, కానీ ఇంకొక్క రోజు లైటు కింద ఉంచుదామని డాక్టరమ్మ అంటోంది. రేపు పదకొండింటికి రమ్మంది.

ఉదయ్ కారు తాళం తిరిగి జేబులో పెట్టుకున్నాడు. అతను ఫోను పెట్టేసేలోపే అప్పలసూరి మెట్లు దిగేశాడు. ఒక కాలికే చెప్పుంది.

"ఇంకో రోజేటి? కారు తియ్యి. నాను మాట్లాడతాను డాక్టరమ్మతోటి. ఎన్నాళ్ళని ఉంచుతారు ఆ పసిగుడ్డుని పెట్టిలో?"

ఉదయ్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"తొందరపెడితే పగులుతాది మావయ్యా" అన్నాడు నెమ్మదిగా.

అప్పలసూరి మెట్టు మీద కూలబడ్డాడు. రిజిస్టరు ముట్టుకోలేదు. టీ చల్లారిపోయింది. డ్యూటీకని వచ్చిన గోవిందరావు ఆయన ముఖం చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోయాడు. అరగంట గడిచినా ఆయన అలాగే రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఉదయ్ వంటింట్లోకి వెళ్ళి ఇత్తడి చెంబు తీసుకున్నాడు. సింహాచలమ్మ అతని చేతిలో చెంబు చూసింది. వేయించిన అప్పడం ఒకటి తీసి ఇచ్చింది.

కారు వెనక తలుపు తెరిచి ఉదయ్ ఒక్క క్షణం తటపటాయించాడు. ఎన్ని రోజుల కష్టం. కళ్ళు మూసుకుని చెంబెడు నీళ్ళూ గుమ్మరించేశాడు. అప్పడాన్ని అందులో అద్ది, మెట్ల దగ్గరికి తీసుకొచ్చాడు.

"మావయ్యా, మీటరు మెత్తబడింది."

అప్పలసూరి అప్పడం అందుకున్నాడు. అది రుమాలులా వేలాడింది. ఆయన చూపు అప్పడం మీంచి అల్లుడి చొక్కా చేతి మీదికి వెళ్ళింది. మోచేతి దాకా నీళ్ళు కారుతున్నాయి. గుమ్మంలో నిలబడ్డ భార్యకేసి చూశాడు. ఆవిడ తల తిప్పుకుని రేకుల షెడ్డుకేసి చూస్తోంది.

"తడి ఎంత ఉంటాదంటావు?" అన్నాడు చివరికి.

"చెంబెడు ఉంటుంది మావయ్యా."

అప్పలసూరికి నిజంగానే బాధ కలిగింది.

"చెంబెడేటి బాబూ. నాలుగు చుక్కలు సరిపోయేవి కదా."

అనేశాక ఏమన్నాడో ఆయనకే తెలిసి నోరు మూసుకున్నాడు. ముందు సింహాచలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత ఉదయ్ మెట్టు మీద కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. అప్పలసూరి కాసేపు బిగపట్టి చూశాడు, కుదరక తనూ నవ్వేశాడు. ఆ వెంటనే లేచి రెండో చెప్పు వేసుకున్నాడు.

"పానా తే. రేపు పదకొండింటికి పిల్ల వస్తాది."

"ఫ్యాను ఒకటిలో పెట్టనా?"

"మూడులో ఎట్టు. గోవిందరావు ఫ్యాను కూడా అట్టుకురా. ఇప్పుడు హోల్డులేటి, టైమేదీ?"

సోమవారం భాగ్యరేఖ ఒళ్ళో పడుకుని పిల్ల ఇంటికి వచ్చింది. మాట ఇచ్చినట్టే సొంత కార్లో, వెనక సీటు మీద వచ్చింది. దారంతా అప్పలసూరి ముందు సీట్లోంచి వెనక్కి తిరిగే కూర్చున్నాడు. క్వార్టర్ ముందు కారు ఆగాక రిజిస్టరులో ఆ రోజు రాసిన ఆఖరి మూడు వరసలూ ఇవి. మొదటి రెండూ ఉదయ్ రాసినవి.

"11.50. బేబీ వచ్చింది. అప్పడం కరుక్కుమంది."

"11.55. సీటు తడిసింది. కారణం బేబీ."

దాని కింద అప్పలసూరి పెద్ద అక్షరాలతో రాశాడు: "తొందర లేదు. హోల్డ్."